పొద్దెరిగిన రేడియో

సంక్రాంతి వచ్చిందంటే జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లను, బండ్లను సింగారించి, మట్టి కుండల్లో కొర్రలు, సామలు, తైదలు, పచ్చజొన్నలు, కందులు, అనుములు నింపి నెల రోజుల పాటు ఊరి నుంచి ఊరికి తిప్పుతారు. ముందు డప్పులు, వెనక ఆడవాళ్ల పాటలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా జరిపే జాతర ఇది. సరిగ్గా ఇవే రోజుల్లో వరంగల్ దగ్గర అయినవోలు మల్లన్న జాతర కూడా మొదలవుతుంది. రెండు జాతరల నడుమ 250 కిలోమీటర్ల దారి. పడమటి కొసన ఆడవాళ్లు సొంతంగా నడుపుకునే రేడియో ఉంది. తూర్పు కొసన తెలంగాణలోనే పాటకూ కథకూ పేరుమోసిన నేల ఉంది. ఆ రేడియో వినీ, ఆ నేల చూసీ రావాలని బయల్దేరాను.

జహీరాబాద్ దగ్గరి మాచునూరులో పొద్దు గూకుతోంది. పశువులు ఇంటికొచ్చాయి. పొయ్యిల మీద పెంకలు ఎక్కాయి, జొన్నరొట్టెలు చరిచే చప్పుడు ఇంటింటా వినిపిస్తోంది. ఏడు గంటలకు 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. రోజూ ఏడు నుంచి తొమ్మిది దాకానే దాని ప్రసారం. మొదట్లో ఇంత తక్కువ సమయమా అనిపించింది. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాక తెలిసింది, అంతకంటే మంచి సమయం లేదని. పగలంతా చేన్ల మీద ఉన్నవాళ్లు రేడియో వినరు. తొమ్మిది దాటితే నిద్రపోతారు. మధ్యలో ఉన్న ఆ రెండు గంటల్లో చేతులు రొట్టెల మీద, చెవులు రేడియో మీద. ఆ వేళను వాళ్లే ఎంచుకున్నారు, ఎందుకంటే రేడియో వాళ్లది, ఆ పొద్దూ వాళ్లదే.

ఆ సాయంత్రం విత్తనాల గురించి మాటలు వచ్చాయి, చలికాలం దగ్గుకు ఆకుమందు చెప్పారు, నడుమ నడుమ పాటలు. గొంతుల వెనక పసిపిల్ల ఏడుపు, ఎక్కడో కుక్క అరుపు కూడా వినిపించాయి. పాట మధ్యలో ఒకావిడ చరణం మరచిపోతే పక్కనున్నామె అందించింది. దాన్ని కత్తిరించలేదు. ఊళ్లో పాట అలాగే ఉంటుంది కదా, ఒకరు మరచిపోతే ఒకరు అందుకుంటూ. వాన కోసం కప్పతల్లి పాట వానాకాలం ముందు, నాటు పాట నాట్లప్పుడు, బొడ్డెమ్మ పాట బతుకమ్మకు ముందు. పంటల క్యాలెండరు ఎలా తిరిగితే పాట అలా తిరగాలన్నది అక్కడి పద్ధతి.

ఈ రెండు గంటల వెనక చాలా పెద్ద నిరీక్షణ ఉంది. దాన్ని చెప్పకుండా ముందుకు పోలేను. ఈ రేడియో వెనకున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని వ్యవస్థాపకుల్లో ముఖ్యులు పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. 1990ల చివర్లో యునెస్కో తోడ్పాటుతో మాచునూరులో స్టూడియో, టవరు సిద్ధమయ్యాయి. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత అమ్మాయిలు రికార్డింగు, ఎడిటింగు నేర్చుకున్నారు. అన్నీ ఉన్నాయి, గాలిలోకి గొంతు వదలడానికి అనుమతి ఒక్కటే లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట తీర్పు నుంచి నేల మీదికి దిగడానికి పదకొండేళ్లు పట్టింది. 2000లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లోనే దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు కూర్చుని సముదాయ రేడియో కావాలని డిమాండ్ చేస్తూ ప్రకటన రాశారు. ముందు విద్యాసంస్థలకు అనుమతి ఇచ్చారు. 2006 నవంబరులో గానీ స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకోలేదు. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినం రోజున, సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. 1995 తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంతే వచ్చి ప్రారంభించారు.

అనుమతి కోసం ఎదురుచూసిన ఆ పదేళ్లూ వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పాటలు, సామెతలు, వైద్యాలు, కథలు టేపుల మీదికి ఎక్కించారు. ఆ టేపులను సంఘం సమావేశాలకు మోసుకుపోయి వినిపించారు. ట్రాన్స్‌మిటరు వచ్చేసరికి దాచుకున్న పాటలు ఒక గాదె నిండా ఉన్నాయి. చాలాచోట్ల ముందు యంత్రం వస్తుంది, ఆ తర్వాత దాంట్లో ఏం పెట్టాలా అని వెతుకుతారు. మాచునూరులో పాట ముందు వచ్చి యంత్రం కోసం ఎదురుచూసింది. 2023 మార్చిలో సతీశ్ కన్నుమూశారు. రేడియోను నడిపేది మొదటి నుంచీ ఆడవాళ్లే.

మర్నాడు జహీరాబాద్ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి ఉప్పల్‌లో వరంగల్ బస్సు. పక్క సీట్లో ఒక పెద్దాయన చిన్న బటన్ల ఫోను, దానికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని రేడియో వింటున్నాడు. ఇయర్‌ఫోన్ తీగే ఆ ఫోనుకు ఏరియల్. ఖరీదైన స్మార్ట్‌ఫోన్లలో చాలావాటికి ఎఫ్.ఎం. లేకుండా పోయింది. ఫోన్లలో ఎఫ్.ఎం. తీసేయొద్దని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదార్లకు సూచన కూడా చేయాల్సి వచ్చింది. భువనగిరి కోట రాయి కనిపించే దాకా హైదరాబాద్ ప్రైవేటు స్టేషన్ల సినిమా పాటలు మోగాయి. తర్వాత గరగర. పెద్దాయన బటన్లు నొక్కుతూ వెతికాడు.

"జనగామ దాటినంక మంచిగ అస్తది బిడ్డా, మన ఓరుగల్లు స్టేషన్" అన్నాడు.

ఆ "మన" అన్న మాటలో ప్రేమ ఉంది. వరంగల్ ఆకాశవాణి 1990లో మొదలైంది, 103.5 మెగాహెర్ట్జ్. పెద్ద నగరాల కేంద్రాలు రాష్ట్రమంతటికీ ఒకే గొంతుతో మాట్లాడుతుంటే జిల్లాకో కేంద్రం ఉండాలన్న ఆలోచనతో వచ్చినవి స్థానిక రేడియో కేంద్రాలు. 1984లో నాగర్‌కోయిల్‌లో మొదటిది పెట్టారు. మన దగ్గర ఆదిలాబాద్, కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్ ఆ వరసలో వచ్చాయి. సముదాయ రేడియో అన్న మాట మన ఊళ్లకు చేరకముందే ఊరి గొంతుకు కాస్త చోటు పెట్టినవి ఇవే. ఆ మేలు మరవకూడదు.

జనగామలో దిగాను. ఇక్కడికి దగ్గర్లోని లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్యది. ఒగ్గు కథను గుడి ముంగిటి నుంచి సభా వేదికల మీదికి తీసుకొచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నాడు, 2017లో కన్నుమూశాడు. ఈ జిల్లాలోనే దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒకే జిల్లాలో, పక్కపక్క మండలాల్లో ఇంతటి ఇద్దరు! ఇది విడ్డూరమేమీ కాదు. పాత వరంగల్ జిల్లాలో కులానికో కథ, కథకో కళాకారుల వంశం ఉండేవి. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు. కొందరు చేర్యాల నకాషీలు గీసిన పటం విప్పి, బొమ్మ వెంట బొమ్మ చూపిస్తూ పాడేవారు.

బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ ఒకాయనతో మాట కలిసింది. చిన్నప్పుడు సత్తయ్య కథ విన్నాడట. ఎంతసేపు చెప్పేవాడు అని అడిగాను.

"ఎంతసేపేంది? తెల్లారేదాంక. నిద్రొస్తే ఆడనే గోనెసంచి మీద ఒరిగేది. లేసి సూస్తే ఇంకా నడుస్తనే ఉండేది."

ఈ మాట నన్ను వరంగల్ దాకా వదలలేదు. తెల్లవార్లూ నడిచే కథకు రేడియో ఎంత సమయం ఇచ్చింది? మహా అంటే అరగంట. సత్తయ్య లాంటివాళ్లు ఆ అరగంటలోనూ కథ రక్తికట్టించగలిగారు, అది వాళ్ల గొప్పతనం. అయితే అరగంట కథ మాత్రమే విన్న పిల్లవాడు ఒగ్గు కథ అంటే అరగంటే అనుకుంటాడు. కథకుడికి వంత పాడేవాడు ఎప్పుడు హాస్యమాడతాడో, ఊరివాళ్ల పేర్లు పట్టుకుని ఎట్లా ఆటపట్టిస్తాడో, అర్ధరాత్రి దాటాక డోలు నడక ఎలా మారుతుందో అతనికి తెలిసే దారి లేదు.

కాజీపేటలో అఫ్జల్ బియాబానీ దర్గా ముందు కాసేపు ఆగాను. ఉర్సు రోజుల్లో ఇక్కడ కవ్వాలీ రాత్రంతా సాగుతుంది. హిందువులూ ముస్లింలూ కలిసే కూర్చుంటారు. పాటకు రాత్రంతా ఇవ్వడం ఈ నేలకు అలవాటే.

హనుమకొండ చేరేసరికి మధ్యాహ్నం. ఈ ఊరికి గొంతు మీద ప్రత్యేకమైన గౌరవం ఉందని నాకెప్పుడూ అనిపిస్తుంది. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ఒక్క గొంతులో వందల గొంతులు పలికించి 1971లో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లి వచ్చాడు. ఆయన పేరుతో ఇక్కడ కళాప్రాంగణం ఉంది. కవి కాళోజీ ఈ ఊరి వీధుల్లో తిరిగి ఈ ఊరి యాసకు తలెత్తుకునే ధైర్యం ఇచ్చాడు. దగ్గర్లోని దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి, విశ్వవిద్యాలయం గడప దాటి లోపలికి పల్లెపాటను తీసుకుపోయినవారిలో మొదటివాడయ్యాడు. ఆడవాళ్లు తిరగలి ముందు పాడుకునే పాటకు డాక్టరేటు వస్తుందని 1950ల్లో ఎవరు అనుకుని ఉంటారు?

రేడియో సంగతికొస్తే, ఈ ప్రాంతానికి అది మొదట పరాయి గొంతుతోనే వచ్చింది. నిజాం రాజ్యంలో 1935లో దక్కన్ రేడియో మొదలైంది. దాని ప్రధాన భాష ఉర్దూ. 1950 ఏప్రిల్‌లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఆ తర్వాత తెలుగు బాగా పెరిగింది గానీ అది పుస్తకాల తెలుగు, వార్తలు చదివే తెలుగు. పాటకు ఇంకో అడ్డంకి ఉండేది. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో హార్మోనియాన్ని దగ్గరికి రానివ్వలేదు. శాస్త్రీయ సంగీతంలోని గమకం, శ్రుతి ఆ పెట్టెలో పలకవన్నది వాళ్ల వాదన. ఆ వాదన శాస్త్రీయ సంగీతానికి ఎంత నప్పుతుందో విద్వాంసులు తేల్చుకోవచ్చు. కానీ చిందు భాగోతానికి, ఊరి భజనకు, హరికథకు హార్మోనియమే ప్రాణం. దాన్ని బయట నిలబెట్టి ఆ కళను లోపలికి రమ్మంటే ఎట్లా? 1952లో కేంద్ర సమాచార, ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ ఆడిషన్ పద్ధతి తెచ్చాడు. కళాకారులకు గ్రేడులు వచ్చాయి. దానివల్ల కొంత న్యాయం జరిగింది, పారితోషికం అందింది, రేడియో కళాకారుడన్న గౌరవం దక్కింది. ఆ గ్రేడు కాగితాన్ని చట్రం కట్టించి ఇంట్లో వేలాడదీసుకున్న జానపద కళాకారులు ఎందరో ఉన్నారు. అయినా తలుపు తీసేవాడు మరొకడు, సమయం చెప్పేవాడు మరొకడు.

నా ఫిర్యాదు వరంగల్ ఆకాశవాణి మీద కాదు. ఒక ప్రభుత్వ కేంద్రం నాలుగైదు జిల్లాల రైతులకూ, పిల్లలకూ, పరీక్షలకూ, వార్తలకూ, వాతావరణానికీ చోటు చూపించాలి. దాని గడియారం ముక్కలు ముక్కలు కాక తప్పదు. అందుకే దాని పక్కన, 50 వాట్ల ట్రాన్స్‌మిటరుతో, 30 మీటర్ల టవరుతో, ఊళ్ల గుంపు తన కోసం నడుపుకునే చిన్న రేడియోలు కావాలి. పెద్దది చేయలేని పని చిన్నవి చేస్తాయి. నేపాల్‌లో 1997లో రేడియో సాగర్‌మాథా వచ్చాక ఆ కొండల దేశంలో వందల రేడియోలు పుట్టుకొచ్చాయి. ఓర్ఛాలోని రేడియో బుందేల్‌ఖండ్ సంఘం రేడియో పుట్టిన నెలలోనే మొదలై, బుందేలీ ఐడల్ పేరుతో పల్లెపాటల పోటీలు పెట్టి ఊరి గాయకులను వెతికి తీసింది. ఇలాంటి రేడియోలు మన దేశంలో ఐదు వందల దాకా ఉన్నాయి. అందులో కాలేజీలవి చాలానే ఉన్నాయి. పల్లె ఆడవాళ్లు నడిపేవి వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

సాయంత్రం వేయిస్తంభాల గుడికి పోయాను. జనవరి ఎండకు నంది నల్లరాయి మెరుస్తోంది. జనం పలచగా ఉన్నారు. కానీ ఈ ఆవరణను నేను ఎంగిలిపూల బతుకమ్మ నాడు చూశాను. భాద్రపద అమావాస్య సాయంత్రం ఇక్కడ కాలు పెట్టే సందుండదు. తంగేడు, గునుగు, బంతి, చామంతి పేర్చిన బతుకమ్మలు, పట్టుచీరలు, చప్పట్లు. వాటన్నిటి మీదా పెద్ద స్పీకర్లలో రికార్డు పాట. చుట్టూ తిరుగుతున్న వందల మందిలో నోరు కదుపుతున్నవాళ్లు కొందరే. నడివయసు ఆడవాళ్లు గొంతు ఎత్తబోయి, స్పీకరు చప్పుడుకు తట్టుకోలేక ఊరుకోవడం చూశాను. ఒకరు చెప్పగా తక్కినవాళ్లు వంత అందుకునే పాట అది. అందుకునేవాళ్లు లేకపోతే ఆ పాటలో సగం పోయినట్టే.

అందుకని రేడియో వస్తే చాలు పాట బతికిపోతుందని నేను అనను. రేడియో కూడా స్పీకరే. ఊరి గొంతును మూసేసే శక్తి దానికీ ఉంది. అది ఎప్పుడు మోగాలో తెలిసినవాళ్ల చేతిలో ఉందా లేదా అన్నదే నాకు ముఖ్యం. బొడ్డెమ్మ రోజుల నుంచే సాయంత్రాలు పెద్దమ్మల చేత పాత ఉయ్యాల పాటలు పాడించి, చరణం చరణం చెప్పించి, పిల్లలకు నేర్పి, తీరా అమావాస్య నాడు పొద్దుగూకే వేళకు ప్రసారం ఆపేసి అందరూ గుడి దగ్గరికి పోయి పాడండి అని చెప్పగల రేడియో కావాలి. పెద్ద స్టేషన్ ఏదీ తన ప్రసారాన్ని పండుగ పూట ఆపుకోదు. మాచునూరు లాంటిది ఆపుకోగలదు, ఎందుకంటే దాన్ని నడిపేవాళ్లే బతుకమ్మ ఎత్తుకోవాలి.

ములుగు దాటి అడవిలోకి పోతే ఈ సంగతి మరీ సూటిగా కనిపిస్తుంది. తాడ్వాయి, మేడారం కోయలవి. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సమ్మక్క, సారలమ్మ గద్దెలకు వచ్చినప్పుడు లోకమంతా అక్కడుంటుంది, కెమెరాలుంటాయి, మైకులుంటాయి. ఆ జాతరకు మూలమైన కథ డోలీలు అనే కోయ కథకుల నోట ఉంది. పడిగె అనే గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ, డోలు, కంచుతాళంతో వాళ్లు గోత్రాల చరిత్ర, వీరుల చరిత్ర పాడతారు. అలా పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయాడు. ఆయనతో పాటు ఎంత కథ పోయిందో తలుచుకుంటే దుఃఖం వస్తుంది. ఒక్క పురస్కారం కంటే, ఆ అడవిలో కోయభాషలో రోజూ గంటసేపు మోగే ఒక రేడియో పదేళ్ల ముందు ఉండి ఉంటే ఆ కథ ఎన్ని గొంతుల్లోకి చేరి ఉండేదో!

అయినవోలుకు చేరేసరికి చీకటి పడింది. వరంగల్‌కు కూతవేటు దూరం అనుకుంటాం గానీ జాతర రోజున ఆ దారి తరగదు. బండ్లు, ఆటోలు, నెత్తిన బోనాలు, మేకలు, బండారు పూసుకున్న నొసళ్లు. కాకతీయుల నాటి గుడి. మల్లన్నకు అటు బలిజ మేడలమ్మ, ఇటు గొల్ల కేతమ్మ. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాది దాకా సాగుతుంది. గుడి ప్రాంగణంలో ఎక్కడ చూసినా ఒగ్గు పూజారులు పట్నాలు వేస్తున్నారు. పసుపు, కుంకుమ, తెల్లపిండి, ఆకుపచ్చ పొడి వేళ్ల సందుల్లోంచి ధారలు కట్టి జారుతూ నేల మీద గడులు గడులుగా పరుచుకుంటున్నాయి. పట్నం ముగిశాక దాని మీదికి దేవుడు వస్తాడు, తొక్కుతారు, చెరిగిపోతుంది. మళ్లీ ఇంకో కుటుంబం, ఇంకో పట్నం. డమరుకం లాంటి ఒగ్గు చేతిలో గడగడమంటుంటే, డోలు, తాళాలు, నఫీరా దాన్ని అందుకుంటాయి. ఈ చప్పుడు ఒక్కసారి ఒంట్లోకి దిగితే కూర్చోలేం.

ఒక మూలన కథ నడుస్తోంది. నలుగురు కుర్రాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. వాళ్లు చూడడానికి వచ్చినవాళ్లనుకున్నాను. ఒగ్గు పూజారుల పిల్లలేనట. ఒకడు డిగ్రీ చదువుతున్నాడు, ఒకడు వరంగల్‌లో కొరియర్ ఇస్తాడు. జాతర రోజుల్లో డోలు వేస్తారు. యూట్యూబ్‌లో పెడతామన్నారు.

తెలంగాణ జానపదానికి ఇవాళ యూట్యూబే పెద్ద వేదిక. కోట్లమంది చూసిన పాటలున్నాయి. వాటివల్ల కొందరు గాయకులకు బతుకు దొరికింది. ఇంత ఉండగా ఇంకా రేడియో ఎందుకు అని ఆ కుర్రాళ్లే నన్ను అడిగారు. సరైన ప్రశ్న. జవాబు నేను చెప్పకముందే, పక్కనే నేల మీద చెయ్యి కడుక్కుంటున్న పెద్ద ఒగ్గాయన అందుకున్నాడు.

"గీళ్లు వెట్టిన దాంట్ల మూడు నిమిషాలే ఉంటది బిడ్డా. పెండ్లి కాడికి రాకముందే ఒడుస్తది. గది సూసినోడు మల్లన్న పెండ్లి అయిందో కాలేదో ఎట్ల తెలుసుకుంటడు?"

కుర్రాళ్లు నవ్వారు. డిగ్రీ చదివే అబ్బాయి మాత్రం ఆలోచనలో పడ్డాడు. పొడుగు వీడియో పెడితే ఎవరూ చూడరన్నాడు. నిజమే, ఫోనులో చూసేవాడు నిలవడు. కానీ ఇంట్లో రొట్టెలు చేసుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ, పశువులకు గడ్డి వేస్తూ వినేవాడు నిలుస్తాడు. చేతులకు పనుండి చెవులు ఖాళీగా ఉన్న మనుషులకే పొడుగు కథ. మాచునూరులో నేను చూసింది అదే. మల్లన్న కథను రాత్రికి గంట చొప్పున జాతర సాగినన్ని వారాలూ చెప్పవచ్చు. ఎవరో చరణం మరచిపోతే ఇంకొకరు అందించవచ్చు. వినేవాళ్లలో తొంభై ఏళ్ల అవ్వ ఒకామె ఫోను చేసి, మా ఊళ్లో ఆ ఘట్టం ఇట్ల చెప్పేవాళ్లు అంటే, మర్నాడు మైకు ఆమె దగ్గరికే పోవచ్చు.

లైసెన్సు ఎవరికి ఇస్తారని అడిగారు. మూడేళ్లుగా రిజిస్టరై పని చేస్తున్న స్వచ్ఛంద సంస్థకు, విద్యాసంస్థకు, కృషి విజ్ఞాన కేంద్రానికి ఇస్తారని చెప్పాను. ఒక మనిషికి ఇవ్వరు, పార్టీకి ఇవ్వరు. దరఖాస్తు ఢిల్లీకి పోవాలి, తరంగం కేటాయించాలి, అనేక శాఖలు సరే అనాలి. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలే వేసుకోవాలి. ఇది నాకు మింగుడుపడని నిబంధన. ఊళ్లో జరిగింది ఊరి రేడియో చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారైనవే ఉండాలి. ఇది మంచి నిబంధన. 2024 ఫిబ్రవరిలో కొన్ని మార్పులు చేశారు. గంటకు ఏడు నిమిషాలున్న ప్రకటనల సమయాన్ని పన్నెండు నిమిషాలకు పెంచారు. పది సెకన్ల ప్రకటనకు 52 రూపాయలున్న ధర 74 అయింది. మొదటి అనుమతి ఐదేళ్లకు బదులు పదేళ్లకు ఇస్తున్నారు. అయినా డబ్బు కష్టమే. కరెంటు బిల్లు, మనుషుల జీతం, టవరు మీద పిడుగు పడితే మరమ్మతు. మాచునూరు వెనక పాతికేళ్ల సంఘం బలం ఉంది. ఆ బలం లేకుండా టవరు నిలబెట్టినా అది ఎక్కువ రోజులు మోగదని కూడా చెప్పాను. టవరు ఎత్తయినచోట ఉండాలి, లేకపోతే ఓరుగల్లు గుట్టల చాటున ఉన్న ఊళ్లకు అందదు.

"అయితే ముందు సంఘం గావాలె" అన్నాడు కొరియర్ అబ్బాయి.

"ముందు రికార్డింగు గావాలె" అన్నాడు డిగ్రీ అబ్బాయి. "తాతలు ఉన్నప్పుడే."

ఇద్దరూ సరిగ్గానే అన్నారు. లైసెన్సు లేని పదేళ్లలో మాచునూరు ఈ రెండు పనులే చేసింది. టేపుల గురించి, వాటిని సమావేశాలకు మోసుకుపోవడం గురించి చెబుతుంటే పెద్దాయన దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఆడవాళ్లే నడుపుతున్నారా అని రెండుసార్లు అడిగాడు. ఒగ్గు కథలో ఆడవాళ్లకు చోటు తక్కువ. కానీ పట్నాల పాటలు, బోనాల పాటలు తన భార్యకు తనకంటే ఎక్కువ వచ్చునన్నాడు. ఆ మాట విని డిగ్రీ అబ్బాయి ఫోను తీసి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు ఆమెదే. తర్వాత వర్ధన్నపేట దిక్కున ఒక నఫీరా వాయించే ముసలాయన, ఆ ఊపిరి ఇప్పుడు ఇంకెవరి దగ్గరా లేదట. తర్వాత శారద కథలు చెప్పే దంపతులు. బీరప్ప కథ పూర్తిగా వచ్చినవాళ్లు ముగ్గురని పెద్దాయన అంటే, కాదు నలుగురని ఇంకో పూజారి వచ్చి కూర్చున్నాడు. నాలుగో ఆయన ఏ ఊరివాడన్న దాని మీద వాదన నడుస్తుండగానే, తర్వాతి పట్నానికి పిలుపు వచ్చింది. పెద్దాయన లేచి పసుపు గిన్నె అందుకుంటూ, ఉగాది అయ్యేదాకా ఎవరూ ఖాళీగా ఉండరనీ, ఆ తర్వాత నాట్లు పడేలోపు రికార్డింగు పెట్టుకొమ్మనీ అబ్బాయికి చెప్పాడు.